బ్యాండికూట్: మన పందికొక్కును ఇంగ్లీష్‌లో సరిగ్గా వాడడం ఎలా?

మా పిన్ని తెనాలి నుంచి కూతురి దగ్గరికి సిడ్నీ వెళ్ళిన కొత్తలో జరిగిన సంగతి ఇది. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే ఇంటి ముందు లాన్ నిండా గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు. పక్కింటి పెద్దావిడ అటుగా వెళ్తూ "ఇట్స్ ఓన్లీ ఎ బ్యాండికూట్, డియర్" అని నవ్వి వెళ్ళిపోయిందట. పిన్ని ఫోన్ తీసి ఆ మాటకి తెలుగు వెతికింది. పందికొక్కు అని వచ్చింది. ఇంకేముంది! మా చెల్లి ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎలుకల మందు ఎక్కడ అమ్ముతారో కనుక్కుని చిరునామా రాసి పెట్టుకుంది.

చెల్లి సమయానికి వచ్చింది కాబట్టి సరిపోయింది. ఎందుకంటే ఆ గుంటలు తవ్వినది అసలు ఎలుకే కాదు. అది కంగారూకి దూరపు చుట్టం. అక్కడి చట్టం దానికి రక్షణ ఇస్తుంది. మందు పెట్టి చంపితే నేరం.

ఫోన్ చెప్పినదాంట్లో తప్పు లేదు. పిన్ని చదివినదాంట్లోనూ తప్పు లేదు. ఒకే మాట రెండు దేశాల్లో రెండు జంతువులకి పేరు కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పైగా ఆ మాట మన ఇంటి మాటే. తెలుగులోంచి ఇంగ్లీష్‌లోకి వెళ్ళిందని ఏ అనుమానమూ లేకుండా చెప్పగలిగిన మాటలు బాగా తక్కువ. వాటిలో ఇదొకటి. దీన్ని ఎలా పలకాలో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో వరుసగా చెప్తాను. అనువాదాలు చేసేవాళ్ళకీ, వ్యవసాయం మీద ఇంగ్లీష్‌లో రాసేవాళ్ళకీ, ఆస్ట్రేలియాలో పిల్లలున్న అమ్మానాన్నలకీ ఎక్కువ పనికొస్తుంది.

1. ముందు నోరు తిప్పుకోండి

స్పెల్లింగ్ బి, ఏ, ఎన్, డి, ఐ, సి, ఓ, ఓ, టి. బ్యాన్ అనే మొదటి ముక్క మీద ఒత్తు పెట్టాలి. డి పొట్టిగా పోవాలి. చివరి కూట్ కొంచెం సాగాలి. మనవాళ్ళు చాలామంది ఒత్తు తీసుకెళ్ళి కూట్ మీద పెడతారు. బాండికట్ అని పలికేవాళ్ళని కూడా విన్నాను. రెండూ వద్దు.

ఒకటి అయితే ఎ బ్యాండికూట్, ఎక్కువైతే బ్యాండికూట్స్. మామూలు నామవాచకమే కాబట్టి వాక్యం మధ్యలో వస్తే మొదటి అక్షరం పెద్దది పెట్టక్కర్లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ 1996లో ప్లేస్టేషన్‌కి వచ్చింది. ఆ గేమ్ ఆడి పెరిగినవాళ్ళు దీన్ని ఒక హీరో పేరనుకుని ఎక్కడ రాసినా పెద్దక్షరమే పెడుతుంటారు.

2. మాట లోపల ఏముందో విప్పి చూడండి

పంది, కొక్కు. కొక్కు అంటే ఎలుక. కలిపితే పందిలాంటి ఎలుక. ఎందుకు పంది? చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒళ్ళు బలంగా, మూతి మొద్దుగా ఉంటుంది. నేలని తవ్విపోస్తుంది. మూలకి తరిమితే వీపు మీద బిరుసు వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గురగురలాడుతుంది. పేరు పెట్టినవాళ్ళు దాన్ని దగ్గరగా చూసే పెట్టారు.

దక్షిణాదిన తిరిగిన ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి ఇది బ్యాండికూట్ అయింది. ముందున్న ప బ అయింది. చివరి క్కు పోయి ట్ వచ్చింది. 18వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లీష్ రాతల్లో కనిపిస్తుంది. జంతువు మాత్రం అంతకన్నా ముందే పరదేశీయులని హడలగొట్టింది. 14వ శతాబ్దంలో వచ్చిన ఇబ్న్ బతూతా దౌలతాబాద్ కోటలోని చెరసాల గురించి రాస్తూ, అక్కడి ఎలుకలు పిల్లుల కంటే పెద్దవనీ, వాటిని చూసి పిల్లులే పారిపోతాయనీ చెప్పాడు. ఆయన వాడినది ఈ మాట కాదు. కానీ యూల్, బర్నెల్ కలిసి చేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఆ మాటల్ని తీసుకొచ్చి బ్యాండికూట్ కిందే పెట్టింది.

ఆ తర్వాత జంతుశాస్త్రజ్ఞులు ఈ ఎలుకల జాతికి ఏకంగా బ్యాండికోటా అని శాస్త్రీయ నామం పెట్టారు. అంటే మన పందికొక్కు లాటిన్ చొక్కా తొడుక్కుని ప్రపంచంలోని జంతుశాస్త్ర పుస్తకాలన్నిటిలోకీ వెళ్ళి కూర్చుంది. ఈ ముక్క బడిలో ఎవరూ చెప్పలేదు నాకు. చెప్పి ఉంటే జంతుశాస్త్రం కొంచెం ఇష్టంగా చదివేవాణ్ణేమో.

3. "ఏ దేశం?" అని అడగండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఈ మాట వినపడగానే, కనపడగానే, మీరే రాయబోతున్నా సరే, ముందు ఈ ప్రశ్న వేసుకోండి.

భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా గురించి అయితే అది ఎలుక. మన దగ్గర దీనిలో రెండు రకాలు ముఖ్యం. బ్యాండికోటా ఇండికా అనేది పెద్దది. తోక కాకుండానే ముప్ఫై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బరువు కిలో దాకా ఉంటుంది. ఊళ్ళలో గోడల పునాదులు, మురుగు కాలవలు, గోదాముల దగ్గర కనపడేది ఎక్కువగా ఇదే. బ్యాండికోటా బెంగాలెన్సిస్ అనేది చిన్నది. పేరుకి చిన్నదే, వరి రైతుకి మాత్రం పెద్ద శత్రువు. గట్లలో బొరియలు తవ్వి, బొరియ మూతి దగ్గర తాజా మట్టి కుప్ప పోస్తుంది. పైరు పొట్ట మీద ఉన్నప్పుడు పిలకలు కొరికేస్తుంది. పంట పండాక వెన్నులు కోసుకెళ్ళి బొరియలో దాచుకుంటుంది. డెల్టాలో బొరియలు తవ్వి ఆ వడ్లు తీసుకునేవాళ్ళని మా చిన్నప్పుడు చూశాం. పందికొక్కు సంపాదించినది మనిషి తినడమన్నమాట.

ఆస్ట్రేలియా, న్యూగినియా గురించి అయితే అది సంచి జంతువు. కంగారూలాగా పిల్లల్ని పొట్ట దగ్గరి సంచిలో పెంచే జాతి. బతికున్నవి సుమారు ఇరవై రకాలుంటాయి. ముక్కు పొడుగ్గా, సూదిగా ఉంటుంది. రాత్రిపూట తిరిగి ఆ ముక్కుతో, ముందు గోళ్ళతో నేల కెలికి పురుగుల్నీ, వేళ్ళనీ తింటుంది. మా పిన్ని చూసిన గుంటలు ఆ పనివే. దీని సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. మట్టి తవ్వుతున్నప్పుడు పిల్లల మీద పడకుండా అదొక ఏర్పాటు. ఎలుకకీ దీనికీ బంధుత్వం లేదు. అక్కడ దిగిన ఇంగ్లీషువాళ్ళకి ఇది ఇండియాలో ఉన్న పెద్ద ఎలుకలా అనిపించింది. ఆ పేరే దీనికీ తగిలించేశారు.

తేడా ఎంతుందో ఒక్క ఉదాహరణ చాలు. విక్టోరియా రాష్ట్రంలో ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్ అనే రకం అడవుల్లో పూర్తిగా కనుమరుగైంది. దశాబ్దాల పాటు పెంచి, కంచెలు వేసి, నక్కలు లేని దీవుల్లో వదిలి కాపాడితే, 2021లో దాన్ని "అడవిలో అంతరించినది" అనే జాబితాలోంచి తీసి "ప్రమాదంలో ఉన్నది" అనే జాబితాలోకి మార్చారు. అక్కడివాళ్ళకి అది పండగ వార్త. ఇక్కడ పందికొక్కులు తిరిగొచ్చాయంటే రైతు గుండె గుభేలుమంటుంది. రెండు వార్తల్లోనూ మాట ఒకటే.

ఇంకో తమాషా. ఆ సంచి జంతువుల్లో డెక్కల్లాంటి కాళ్ళున్న ఒక రకానికి పిగ్-ఫుటెడ్ బ్యాండికూట్ అని పేరు పెట్టారు. తెలుగులోకి విప్పితే పంది కాళ్ళ పందికొక్కు. ఒకే పేరులో రెండు పందులు, జంతువులో మాత్రం ఒక్కటీ లేదు. పాపం, అది గత శతాబ్దంలోనే అంతరించిపోయింది.

4. అనుమానం ఉంటే పక్కన ర్యాట్ చేర్చండి

మన పందికొక్కు గురించి రాస్తున్నప్పుడు ఒట్టి బ్యాండికూట్ అనకుండా బ్యాండికూట్ ర్యాట్ అనండి. పెద్దదాన్ని గ్రేటర్ బ్యాండికూట్ ర్యాట్ అనీ, పొలాల్లోని చిన్నదాన్ని లెస్సర్ బ్యాండికూట్ ర్యాట్ అనీ అంటారు. వ్యవసాయ శాస్త్రవేత్తలు రాసే పద్ధతి ఇదే.

చదివేవాళ్ళు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వాళ్ళయితే ఒట్టి బ్యాండికూట్ చాలు. మన ఇంగ్లీష్ పత్రికల్లో "బ్యాండికూట్ మెనేస్" అన్న మాట కనిపిస్తే అందరికీ అర్థమవుతుంది. లండన్, న్యూయార్క్ వాళ్ళ కోసం రాస్తుంటే మాత్రం అర్థం వాక్యంలోనే కలిపెయ్యండి. ఇలా:

"బ్యాండికూట్స్, ద బిగ్ బరోయింగ్ ర్యాట్స్ ఆఫ్ సదర్న్ ఇండియా, రూయిన్డ్ ద క్రాప్."

రెండు కామాల మధ్య వివరణ పెట్టేశాం. కింద ఫుట్‌నోట్ అక్కర్లేదు, బ్రాకెట్ అక్కర్లేదు. ఆ తర్వాత వ్యాసమంతా ఒట్టి బ్యాండికూట్ అని రాసుకుంటూ పోవచ్చు. అరుదైన మాట ఏదైనా సరే, పాఠకుణ్ణి నిఘంటువు దగ్గరికి పంపకుండా వాడడానికి నాకు తెలిసిన మంచి దారి ఇదే.

5. నిఘంటువులో ఎక్కడ చూడాలి

మెరియమ్-వెబ్‌స్టర్ లాంటి పెద్ద నిఘంటువు తెరిస్తే మీకు రెండు అర్థాలూ విడివిడిగా, అంకెలతో కనిపిస్తాయి. చాలామంది మొదటి అర్థం చదివి మూసేస్తారు. మా పిన్ని చేసిందీ అదే. రెండో అర్థం దాకా వెళ్ళండి. అర్థం పక్కన ఆస్ట్రేలియన్ అనో, ఇన్ఫార్మల్ అనో చిన్న అక్షరాల్లో గుర్తు ఉంటే దాన్ని అస్సలు వదలకండి. ఆ మాట ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో చెప్పేది అదే.

తర్వాత వ్యుత్పత్తి చూడండి. అక్కడ తెలుగు అనీ, పందికొక్కు అనీ, పిగ్-ర్యాట్ అనీ కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు విదేశంలో మన ఊరి బస్సు బోర్డు కనపడినంత సంబరంగా ఉంటుంది.

ఇంకా లోతుగా వెళ్ళాలంటే పైన చెప్పిన హాబ్సన్-జాబ్సన్ ఉంది. భారతదేశపు మాటలు ఇంగ్లీష్‌లోకి ఎలా వెళ్ళాయో చెప్పే నిఘంటువు అది. మొదట 1886లో వచ్చింది. 1903లో విలియం క్రుక్ దాన్ని పెంచి మళ్ళీ తెచ్చాడు. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు 1852 నాటిది. ఈ రెంటినీ చికాగో విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది.

అయితే ఎంత పెద్ద నిఘంటువునైనా గుడ్డిగా నమ్మకూడదు. ఆస్ట్రేలియాలో బెండిగో అనే బంగారు గనుల ఊరు ఉంది కదా, ఆ పేరు బ్యాండికూట్ నుంచే వచ్చిందని హాబ్సన్-జాబ్సన్ రాసేసింది. వినడానికి మనకి మహా బాగుంటుంది, తెలుగు మాట మీద బంగారు గని! కానీ నిజం కాదు. ఆ పేరు ఇంగ్లండ్‌లోని విలియం థాంప్సన్ అనే బాక్సర్ బిరుదు నుంచి వచ్చింది. అతన్ని అందరూ బెండిగో అనేవాళ్ళు. మన భాషకి గొప్ప తెచ్చే వ్యుత్పత్తి కనపడితే ఇంకో నిఘంటువు కూడా తెరిచి చూశాకే నలుగురికీ చెప్పండి.

6. క్రియగా వాడడం, అదీ ఆస్ట్రేలియాలో మాత్రమే

ఈ మాట క్రియ కూడా అవుతుందని చాలామందికి తెలియదు. ఆస్ట్రేలియా వాడుకలో టు బ్యాండికూట్ అంటే, బంగాళదుంప మొక్క పైన ఆకులు చెక్కుచెదరకుండా ఉంచి, కింద మట్టిలోంచి దుంపలు మాత్రం తీసెయ్యడం. మొదట్లో ఇది దొంగతనానికి వాడిన మాట. తోట యజమాని వచ్చి చూస్తే మొక్కలన్నీ పచ్చగా నిలబడి ఉంటాయి. పీకి చూస్తే కింద ఏమీ ఉండదు. నేల కెలికే ఆ జంతువు పద్ధతి కాబట్టి దాని పేరే ఆ పనికీ పెట్టారు.

ఇప్పుడు ఇంటి తోటలవాళ్ళు దొంగతనం అనే ఉద్దేశం లేకుండా కూడా ఈ మాట వాడతారు. మొక్క ఇంకా పెరుగుతుండగానే, చేత్తో మట్టి తడిమి కూరకి సరిపడా నాలుగు లేత దుంపలు తీసుకోవడం. "ఐ బ్యాండికూటెడ్ ఎ ఫ్యూ పొటేటోస్ ఫర్ డిన్నర్" అంటే అదే. గతకాలానికి బ్యాండికూటెడ్, జరుగుతున్న పనికి బ్యాండికూటింగ్.

ఈ వాడుకని మన ఇంగ్లీష్‌లోకి తేవద్దని నా సలహా. గుంటూరు జిల్లా రైతు గురించి రాస్తూ "హి బ్యాండికూటెడ్" అంటే ఇక్కడెవరికీ అర్థం కాదు. అర్థమైనవాళ్ళు అతను దొంగ అనుకుంటారు.

7. నానుడులు: తెలుసుకోండి, దాచుకోండి

ఆస్ట్రేలియా పాత వాడుకలో ఈ జంతువు మీద పోలికలు చాలా ఉన్నాయి. దరిద్రంగా, దిగులుగా ఉన్నవాణ్ణి "మిజరబుల్ యాజ్ ఎ బ్యాండికూట్" అనేవాళ్ళు. బట్టతలవాణ్ణి "బాల్డ్ యాజ్ ఎ బ్యాండికూట్" అనేవాళ్ళు. నిజానికి దానికి ఒళ్ళంతా బొచ్చే. రెండు మాటలూ బ శబ్దంతో మొదలవుతున్నాయి, చెవికి బాగుంది, అంతే కారణమై ఉంటుంది. "లైక్ ఎ బ్యాండికూట్ ఆన్ ఎ బర్న్ట్ రిడ్జ్" అంటే కాలిపోయిన గుట్ట మీద బ్యాండికూట్‌లా, తోడూ నీడా లేక ఒంటరిగా మిగిలిపోవడం. ఈ మూడోది నాకు చాలా ఇష్టం. కార్చిచ్చు చూసిన దేశంలోనే పుట్టగల మాట అది.

చదివినప్పుడు అర్థం చేసుకోవడానికి ఇవి చాలు. ఆఫీసు మెయిల్‌లో వాడితే నవ్వులపాలవుతాం.

8. తెలుగు తిట్టుని ఇంగ్లీష్‌లోకి తేవడంలో జాగ్రత్త

అనువాదం చేసేవాళ్ళు ఎక్కువగా జారిపడే చోటు ఇది.

తెలుగులో పందికొక్కు అంటే జంతువు మాత్రమే కాదు. "గాదె కింద పందికొక్కుల్లా మేస్తున్నారు" అంటే ప్రజల సొమ్ము కూర్చుని తినేవాళ్ళని తిట్టడం. "పందికొక్కులా తిని పడుకుంటాడు" అంటే పనీ పాటా లేనివాడని. రాజకీయ నాయకుల ప్రసంగాల్లో మొదటిది లేని ఎన్నికల సీజన్ ఉండదు. ఆ పోలికలో బలమంతా గాదెలో ఉంది. కిందనుంచి కన్నం పడుతుంది, పైనుంచి చూస్తే ధాన్యం నిండుగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఖాళీ అయ్యాక గానీ తెలీదు. ఆస్ట్రేలియా దుంపల దొంగతనం గుర్తొచ్చిందా? అక్కడ ఆకుల కింద, ఇక్కడ గాదె కింద. జంతువులు వేరైనా బుద్ధి ఒకటే అనుకున్నారు రెండు చోట్లా.

ఇప్పుడు దీన్ని ఇంగ్లీష్‌లో "లైక్ బ్యాండికూట్స్" అని రాశారనుకోండి. అమెరికావాడికి వీడియో గేమ్ గుర్తొస్తుంది. ఆస్ట్రేలియావాడికి అంతరించిపోతున్న ముద్దుల జంతువు గుర్తొచ్చి, పాపం వాళ్ళకేమైంది అనుకుంటాడు. తిట్టు కాస్తా జాలి అయిపోతుంది. అందుకని మూడు దారులు. పాఠకులు భారతీయులైతే బ్యాండికూట్ అలాగే ఉంచండి. బయటివాళ్ళైతే "లైక్ ర్యాట్స్ అండర్ ద గ్రెయినరీ" అనండి, గాదె పోదు, అర్థమూ పోదు. కథో నవలో అయితే పందికొక్కు అనే తెలుగు మాటనే ఉంచి, పక్క వాక్యంలో అదేం చేస్తుందో చూపించండి. నేనైతే మూడోదాని వైపే మొగ్గుతాను. ఇంగ్లీష్ ఒకసారి తీసుకున్న మాటే కదా, ఈసారి అసలు రూపంలో తీసుకోనివ్వండి.

హిందీలోకి చేసేవాళ్ళకి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. హిందీలో పందికొక్కుని ఘూస్ అంటారు. లంచాన్నీ ఘూస్ అనే అంటారు. మనకి వాక్యమంతా కావలసిన తిట్టు వాళ్ళకి ఒక్క మాటలో ఉంది.

9. ఇంగ్లీష్ నుంచి తెలుగుకి వచ్చేటప్పుడు

ఆస్ట్రేలియా వార్తని తెలుగులో రాస్తూ బ్యాండికూట్ కనపడగానే పందికొక్కు అని రాయొద్దు. "పందికొక్కులను కాపాడేందుకు కోట్ల ఖర్చు" అని శీర్షిక పెడితే చదివినవాళ్ళు ఆ దేశానికి పిచ్చి పట్టిందనుకుంటారు. అక్కడ బ్యాండికూట్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట "బ్యాండికూట్ అనే సంచి జంతువు" అని చెప్పండి. సొంత మాటే అయినా, పరాయి దేశంలో పరాయి అర్థం తెచ్చుకుని వచ్చింది కాబట్టి పరాయి వేషంలోనే రానివ్వాలి.

జంతువు కాని బ్యాండికూట్ కూడా ఒకటుంది. కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే కంపెనీ మ్యాన్‌హోళ్ళలోకి మనుషులు దిగక్కర్లేకుండా శుభ్రం చేసే రోబో తయారుచేసి, 2018లో వాడకంలోకి తెచ్చింది. దాని పేరు బ్యాండికూట్. మురుగు కాలవల్లో తిరిగే మన పెద్ద ఎలుక పేరు ఆ పనికి చక్కగా కుదిరింది. ఇది పేరు కాబట్టి అనువాదం చెయ్యకూడదు, ఇంగ్లీష్‌లో రాస్తే పెద్దక్షరం పెట్టాలి.

10. రాసి చూసుకోండి

కింది వాక్యాల్లో ఏది సరి, ఏది కాదో ముందు మీరే చెప్పండి, తర్వాత నా జవాబు చూడండి.

"ఎ బ్యాండికూట్ హ్యాజ్ డగ్ అండర్ అవర్ కాంపౌండ్ వాల్ ఇన్ విజయవాడ." సరే. ఊరి పేరు ఉంది కాబట్టి ఎలుక అని తెలిసిపోతుంది.

"బ్యాండికూట్స్ క్యారీ దెయిర్ యంగ్ ఇన్ ఎ పౌచ్." ఆస్ట్రేలియా గురించి అయితే సరే. బడిలో మన పిల్లవాడు పందికొక్కు మీద వ్యాసంలో రాస్తే తప్పు. ఇంటర్నెట్‌లో ఎత్తి రాసినప్పుడు దొరికిపోయేది సరిగ్గా ఇక్కడే.

"ద గ్రేటర్ బ్యాండికూట్ ర్యాట్ ఈజ్ ఎ మార్సూపియల్." తప్పు. ర్యాట్ అన్నాక సంచి ఉండదు.

"వుయ్ సెట్ ట్రాప్స్ ఫర్ బ్యాండికూట్స్ నియర్ ద ప్యాడీ స్టోర్." మన దగ్గర రోజువారీ మాట. సిడ్నీలో పక్కింటావిడ ముందు అంటే పోలీసులకి ఫోన్ వెళ్ళొచ్చు.

ఇక మీ సొంత వాక్యాలు మూడు రాయండి. ఒకటి ఎలుక గురించి, ఒకటి సంచి జంతువు గురించి, ఒకటి దుంపలు తవ్వడం గురించి. మూడింట్లోనూ దేశమేదో పాఠకుడికి తెలిసేలా ఏదో ఒక గుర్తు ఉండాలి. ఊరి పేరో, పంట పేరో, జంతువు చేసే పనో ఏదైనా చాలు.

11. ఇదే పద్ధతిలో ఇంకొన్ని మాటలు

పలకడం, విప్పి చూడడం, ఏ దేశమో అడగడం, రెండు నిఘంటువులు చూడడం. ఈ వరుస చేతికి వచ్చాక వేరే మాటల మీద కూడా వాడుకోవచ్చు. మన నేల నుంచి వెళ్ళినవే కొన్ని ఇస్తాను.

గోల్కొండ అనేది ఇంగ్లీష్‌లో మామూలు నామవాచకం. ఎ గోల్కొండ అంటే తరగని సంపదల గని. ఇది బాగా పుస్తకాల మాట, సంభాషణలో వాడితే వింతగా ఉంటుంది. మదపొల్లం అనేది ఒక రకం నూలు గుడ్డ. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరది. బ్యాండీ అంటే ఒకప్పటి మద్రాసు దొరల ఇంగ్లీష్‌లో ఎద్దుబండి. తెలుగు బండికీ, తమిళ వండికీ ఇద్దరికీ అందులో వాటా ఉంది. ఇప్పుడెవరూ వాడరు, పాత పుస్తకాల్లో కనపడితే గుర్తుపడితే చాలు.

మస్లిన్ మన మచిలీపట్నం నుంచే వచ్చిందని ఎవరైనా గట్టిగా అంటే బెండిగోని తలుచుకోండి. నిఘంటువులు దాన్ని ఇరాక్‌లోని మోసుల్ నగరానికి కడుతున్నాయి.

మా పిన్ని సంగతి మధ్యలో వదిలేశాను. ఆరు నెలలుండి రావలసింది, ఇంకో మూడు నెలలు ఉండిపోయింది. మొన్న వీడియో కాల్‌లో రాత్రి పూట తీసిన మసక ఫొటో ఒకటి చూపించి, "ఇదిగోరా మా బ్యాండికూట్, రోజూ తొమ్మిదింటికి వస్తుంది, భయపడకుండా ఉండాలని వరండా లైటు కూడా వెయ్యడం లేదు" అంది. నేను నవ్వేలోపే గొంతు మార్చి, "అది సరేగానీ, బాబాయ్‌కి చెప్పు, మన వడ్ల బస్తాల దగ్గర పందికొక్కు కన్నం వేసిందట, ఈరోజే బోను పెట్టమను" అంది.